డిస్కులో చిక్కిన పేర్లు

రైల్వే కాలనీ, బిలాస్‌పూర్
6 సెప్టెంబరు 2004

తమ్ముడు నాగేంద్రకు, ఊర్మిళప్ప దీవెనలు.

ఐదేళ్లుగా నీకు మెయిల్ కొట్టడానికి అలవాటుపడ్డ వేళ్లు కలం పట్టుకోమంటే మొరాయిస్తున్నాయి. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకో, ఫరవాలేదు. నువ్వు నీ చేత్తో బిగించి ఇచ్చిన కంప్యూటర్ పడిపోయింది. చచ్చిందో, మూర్ఛపోయిందో నువ్వే చెప్పాలి.

జూన్‌లో మా వీధి చివర కరెంటు స్తంభం మీద పిడుగు పడింది. ఆ మర్నాటి నుంచి సీడీ పెట్టె పనిచెయ్యలేదు. దానితో నాకు పనేముందిలే అని ఊరుకున్నాను. మొన్న శుక్రవారం స్విచ్చి వేస్తే నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరుసలు వచ్చి అక్కడే ఆగిపోయాయి. హార్డ్ డిస్కు కనపడడం లేదని వాటి అర్థం. తెలిపారా బజారులో కంప్యూటర్లు బాగుచేసే సాహు వచ్చి చూశాడు. నాకు వినపడదని తెలుసు కనక కాగితం మీద హిందీలో రాసి చూపించాడు: "బోర్డు ఖతమ్. దోనో పోర్టు గయే. నయా లేలో." బోర్డు పోయింది, రెండు పోర్టులూ పోయాయి, కొత్తది కొనుక్కోమని. డిస్కు తనకిస్తే శుభ్రంగా ఫార్మాట్ చేసి కొత్త పెట్టెలో పెడతాడట. ఫార్మాట్ అంటే ఉన్నదంతా చెరిపెయ్యడమని నువ్వు నాకెప్పుడో నేర్పావు. కాగితం తిరిగి అతని చేతిలో పెట్టేశాను.

అందులో నా రక్తదాతల జాబితా ఉంది తమ్ముడూ. నెగటివ్ గ్రూపువాళ్లు ఎవరెవరు, ఏ క్వార్టర్‌లో ఉంటారు, ఆఖరుసారి ఎప్పుడు ఇచ్చారు, అన్నీ అందులోనే. ఇంటింటికీ తిరిగి రాసుకున్న నోటు పుస్తకాలు టైపు చెయ్యగానే పాత పేపర్లవాడికి వేసేశాను. ఫ్లాపీలు రెండూ వానల్లో బూజు పట్టాయి. కాగితం మీద తీసినది రెండేళ్ల కిందటిది ఒక్కటే మిగిలింది. రైల్వేలో రెండేళ్లంటే సగం మంది బదిలీ అయిపోతారు.

అక్టోబరు చివర్లో ఒకరికి ఆ జాబితాతో పని పడేలా ఉంది. దసరాలోపు ఎలాగైనా ఆ పెట్టెను లేపాలి. కొత్తది కొనమనకు, నాకు కావలసింది పాతదాని కడుపులో ఉంది.

మీ బావకి మళ్లీ గూడ్సు బళ్ల మీదే డ్యూటీ పడింది. పోయినవాడు ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. నీ కూతురు రాజశ్రీకి ఏడో నెల నడుస్తోంది. అల్లుడు హర్ష బొగ్గు గనుల ఆఫీసు నుంచి రాగానే నెహ్రూ నగర్‌లో ఇద్దరూ నడకకు పోయేవారు, ఇప్పుడు మానేశారు. తల్లి లేని పిల్ల పురుడు మేనత్తగా నేను పోస్తానని మాటిచ్చాను కదా, వచ్చే నెల మా ఇంటికి తెచ్చేసుకుంటాను. నువ్వు బెంగపడకు. మాత్రలు వేసుకుంటున్నావా?

నీ జవాబు కోసం పోస్టుమాన్ దారి చూస్తూ,
ఊర్మిళప్ప

~

కంచరపాలెం, విశాఖపట్నం
13 సెప్టెంబరు 2004

అప్పకు నమస్కారాలు.

నీ ఉత్తరం దుకాణానికే వచ్చింది. పక్క టైలరు కవరు చూసి, "ఏటి బాబూ, కంప్యూటర్లు బాగుసేసే మీకు ఇంకా ఉత్తరాలొస్తన్నాయేటి?" అని నవ్వాడు.

నిజం చెప్పనా? ఆ బోర్డు పుట్టి ఆరేళ్లయింది. మనుషుల లెక్కలో దానికి ఎనభై దాటాయి. అలాంటి బోర్డులు ఇప్పుడెవరూ చెయ్యడం లేదు. నా దగ్గరున్న పాతవాటిలో ఒక్కటీ సరిపోదు. సాహు చెప్పినదాంట్లో తప్పులేదు. కానీ ఫార్మాట్ మాత్రం చెయ్యనివ్వకు. డిస్కును అతని దుకాణంలో వేరే పెట్టెకు తగిలించి, లోపలున్నది తీసి ఇమ్మను. అరగంట పని.

దానికి ముందు డిస్కు బతికుందో లేదో తేలాలి. స్విచ్చి వెయ్యగానే అది ఏం శబ్దం చేస్తోందో శ్రద్ధగా విని నాకు రాయి. టక్కు టక్కుమని కొట్టుకుంటే పోయినట్టే. సన్నగా గుయ్యిమంటుంటే బతికినట్టు.

ఇంకొకటి. నీకు యాభై రెండు నిండాయి. ఎండనకా వాననకా పరాయివాళ్ల రక్తం కోసం తలుపులు కొట్టే పని ఇంకెవరికైనా అప్పగించకూడదా? ఆదివారం రాజశ్రీ ఫోన్ చేసింది. "అత్త ఆ పెట్టె గురించి ఊరికే బెంగెట్టుకుంది నాన్నా, నువ్వైనా సెప్పు" అంది. దాని గొంతు హుషారుగానే ఉంది.

నాకు గుండె దగ్గర ఏ ఇబ్బందీ లేదు. నిరుడు వేసిన స్టెంటు దాని పని అది చేసుకుపోతోంది.

నాగేంద్ర

~

బిలాస్‌పూర్
20 సెప్టెంబరు 2004

నాగేంద్రకు,

శ్రద్ధగా విని రాయమన్నావు.

తొంభై ఒకటిలో ఆ జ్వరం వచ్చి తగ్గాక, నేను కళ్లు తెరిచేసరికి మంచం పక్కన కూర్చున్నది నువ్వే. నీ పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆటలాడుతున్నావనుకున్నాను. పదమూడేళ్లు గడిచాయి. పరాయివాళ్లు మరిచిపోతే నాకేమీ అనిపించదు.

మీ బావను వినమందామంటే ఆయన నాలుగు రోజులుగా లైను మీద ఉన్నారు. కనక డిస్కు టక్కుమంటోందో గుయ్యిమంటోందో నాకు తెలియదు.

సాహుకి డిస్కు ఇవ్వను. పోయిన ఏడాది మా కాలనీలో ఒక టీచరమ్మ డిస్కు ఇలాగే పట్టుకెళ్లి ఖాళీగా తెచ్చి ఇచ్చాడు. అది ఒక్కటే కాదు. రక్తం తీసుకునే ముందు పరీక్ష చేస్తారు కదా. ఆ పరీక్షలో కొందరికి, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేని జబ్బులు బయటపడ్డాయి. వాళ్లను మళ్లీ అడిగి నొప్పించకూడదని పేర్ల పక్కన గుర్తులు పెట్టుకున్నాను. ఆ గుర్తులు నా గుమ్మం దాటవని మాటిచ్చాను. ఆ మాట నీకూ వర్తిస్తుంది.

పరాయివాళ్ల రక్తం అన్నావు. పరాయివాళ్లే ఇవ్వాలి మరి. సొంతవాళ్లది కలవనప్పుడు ఇంకెవరిస్తారు?

ఊర్మిళ

~

విశాఖపట్నం
27 సెప్టెంబరు 2004

అప్పా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రోజుకు పది మందికి చెప్పే మాట అది, చెయ్యి అలవాటుగా రాసేసింది. ఆ రోజు నువ్వు నా పెదవులకేసి చూసిన చూపు నేను మరిచిపోలేదు. నన్ను తిట్టు. పేరు కింద 'అప్ప' అని రాయడం మాత్రం మానకు.

చెవి అక్కర్లేదు, చెయ్యి చాలు. ముందు గోడ దగ్గర ప్లగ్గు పీకెయ్యి. పెట్టె ఎడమపక్క రేకును వెనక రెండు మరలు పట్టుకుని ఉంటాయి, వాటిని విప్పి రేకును వెనక్కి జరిపితే ఊడి వస్తుంది. లోపల ఏది ముట్టుకునే ముందైనా పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి తాకు. ఒంట్లో ఉండే కరెంటు బోర్డు మీదికి పోకుండా ఉంటుంది. డిస్కు అంటే తెల్లటి ఇనుప పెట్టె, అరచేతిలో పడుతుంది. దానికి బోర్డు నుంచి వచ్చే వెడల్పాటి బూడిదరంగు పట్టీని నిదానంగా లాగెయ్యి. నాలుగు రంగు తీగల గుత్తి ఉంటుంది, అది కరెంటు కోసం, దాన్ని ఉంచు. ఇప్పుడు ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసి, చట్రం లోపలికి వేళ్లు పోనియ్యకుండా డిస్కు మీద అరచెయ్యి ఆనించు. సన్నటి వణుకు ఆగకుండా వస్తుంటే అది తిరుగుతోందన్నమాట. ఎగిరెగిరి తంతుంటే వెంటనే ఆపెయ్యి.

ఇంకో పని. బోర్డు మీద తెల్లటి పొడుగాటి చీలికలు వరసగా ఉంటాయి. వాటిలో ఎన్ని ఖాళీయో లెక్కపెట్టి రాయి. ఒక్కటున్నా దారి ఉంది. ఆ చీలికలో గుచ్చే కార్డొకటి దొరుకుతుంది. బోర్డు మీది పోర్టులు చచ్చిపోయినా డిస్కు తీగను ఆ కార్డుకు తగిలించుకోవచ్చు. బోర్డు మార్చక్కర్లేదు.

ఇదంతా ఎందుకు, డిస్కు విప్పి నాకు పంపు, ఒక్క పేరు కూడా చదవకుండా సీడీ చేసి పంపిస్తాను అందామనుకున్నాను. ఆ మాట నాకూ వర్తిస్తుందన్నావు. సరే. నమ్మకం గురించి మాట్లాడే అర్హత ఈ వారం నాకు లేదు.

ఒక్కటి మాత్రం చెప్పు. అక్టోబరు చివర్లో రక్తం ఎవరికి? బావకా? ఆపరేషనేమైనా ఉందా?

నాగేంద్ర

~

బిలాస్‌పూర్
4 అక్టోబరు 2004

తమ్ముడూ,

వణుకుతోంది! డిస్కు వణుకుతోంది తమ్ముడూ. బావ స్క్రూడ్రైవరుతో రేకు నేనే విప్పాను. లోపల పావుకిలో దుమ్ము, ఎండిన బల్లిపిల్ల ఒకటి. చట్రాన్ని తాకమన్నావని ప్రతి పనికీ ముందు తాకాను, గుడిమెట్టు ముట్టుకున్నట్టు. అరచెయ్యి ఆనించి స్విచ్చి వేస్తే రెండు నిమిషాలైనా ఆ సన్నటి వణుకు ఆగలేదు. ఎక్కడా తన్నలేదు. రాజశ్రీ మంచం మీద నుంచి చూస్తూ, ఏమైందని చేత్తో అడిగింది. దాని చెయ్యి తెచ్చి కూడా ఆనించాను.

అవును, రాజశ్రీని మా ఇంటికి తెచ్చేసుకున్నాను. ఎక్కువ నడవకుండా ఉంటుందని, అంతే.

చీలికలు మూడు ఖాళీగా ఉన్నాయి.

మీ బావకేమీ లేదు. నిన్న అర్ధకిలో జిలేబీ ఒక్కరే తిన్నారు. రక్తం ఎవరికని అడగకు. చెప్పనని ఒకరికి ఒట్టు వేశాను. వాళ్లది ఓ నెగటివ్. మిగతా గ్రూపులవాళ్లకి ఇవ్వొచ్చు కానీ, తీసుకోవాలంటే ఓ నెగటివే తీసుకోవాలి. ఆస్పత్రి రక్తనిధిలో ఒక్క సీసా ఉంది, అదీ అప్పటిదాకా నిలవ ఉండదట. నలుగురిని సిద్ధంగా పెట్టుకోమంది డాక్టరమ్మ.

పాత కాగితం పట్టుకుని వారం రోజులుగా తిరుగుతున్నాను. అందులో ఓ నెగటివ్‌లు ఆరుగురు. ఇద్దరు బదిలీ మీద వెళ్లిపోయారు. ఒకాయన పోయాడు. ఆయన భార్య తలుపు తీసి నా చేతిలో కాగితం చూసి ఏడ్చింది. ఒకరికి షుగరు. ఒకరి క్వార్టరుకు తాళం. టిక్కెట్లు చూసే ఉద్యోగం చేసే కుర్రాడొక్కడే మిగిలాడు, వస్తానన్నాడు. ఈ రెండేళ్లలో కొత్తగా ఏడెనిమిది మందిని టైపు చేశానని గుర్తుంది. వీధులు గుర్తొస్తున్నాయి, మొహాలు గుర్తొస్తున్నాయి, గ్రూపులు మాత్రం కలగాపులగమైపోతున్నాయి.

ఇరవై తొమ్మిదిలోపు తమ్ముడూ. ఆ కార్డు ఎలాగైనా పంపు.

అప్ప

~

విశాఖపట్నం
11 అక్టోబరు 2004

అప్పా,

కార్డు దొరికింది. మా వీధి అప్పలనర్సమ్మ గారు రేపు మీ ఊళ్లో కొడుకు దగ్గరికి బయలుదేరుతున్నారు. మీ కాలనీలోనే, మార్కెట్టు వైపు క్వార్టర్లలో ఉంటాడు. కార్డును నా దుకాణంలోనే పరీక్షించి, స్పాంజిలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి ఆవిడకిచ్చాను. "ఏటి బాబూ ఇందల? పగిలిపోద్దా?" అని అడిగారు. "మనిషి ప్రాణంలాగ సూసుకోండమ్మా" అన్నాను. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటానన్నారు.

బిగించే పద్ధతి వేరే కాగితం మీద బొమ్మలతో వేసి డబ్బాలోనే పెట్టాను. ఒక్క సంగతి ఇక్కడా రాస్తున్నాను. బూడిదరంగు పట్టీకి ఒక అంచున ఎర్రగీత ఉంటుంది. కార్డు మీద ఒకటి అంకె వేసిన వైపే ఆ ఎర్ర అంచు ఉండాలి. తిరగేస్తే పనిచెయ్యదు. మొదటిసారి తెర మీద ఏవో కొత్త వరుసలు వస్తాయి, భయపడకు. అవి కార్డు మాటలు.

ఆదివారం బావకి ఫోన్ చేశాను. ఒంట్లో ఎలా ఉందని గుచ్చి గుచ్చి అడిగాను. "నాకేటైనాదిరా? దుక్కలాగున్నాను" అని గట్టిగా నవ్వి, ఆ వెంటనే పొయ్యి మీద పాలున్నాయని ఫోన్ పెట్టేశాడు. బావ పాలు కాచడం నేను ఈ జన్మలో చూడలేదు. మీ ఇద్దరూ నా దగ్గర ఏదో దాస్తున్నారు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నాకు అన్నలాంటివాడు. ఆయనకు ఏదైనా జరగబోతుంటే నేను అక్కడ ఉండాలి కదా.

ఓ నెగటివ్ అన్న మాట దగ్గర ఉత్తరం పక్కన పెట్టేశాను. నీ మరదలు చిన్నతల్లిదీ అదే. ఆ కాన్పు రోజు ఆస్పత్రి వరండాలో నా చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, తీసుకోండి, ఎంత కావాలంటే అంత తీసుకోండి అని అరిచాను. కలవదని నర్సు చెబితే ఆమెను కొట్టబోయాను. ఇరవై ఒక్క ఏళ్లయినా ఎవరితోనూ అనలేదు ఈ మాట.

నాగేంద్ర

~

బిలాస్‌పూర్
18 అక్టోబరు 2004

తమ్ముడూ,

కార్డు రాలేదు.

పదిహేనున నీ ఉత్తరం అందిన దగ్గర నుంచి చూస్తున్నాను. ఆ రోజే అప్పలనర్సమ్మ గారి కొడుకు క్వార్టరుకు వెళ్తే తాళం. పొరుగువాళ్లను అడిగితే, ఆవిడ బండి దిగిన మర్నాడే వియ్యాలవారితో కలిసి రతన్‌పూర్ వెళ్లారట. నవరాత్రులు కదా, అమ్మవారి దర్శనం చేసుకుని అక్కడే చుట్టాలింట్లో ఉంటారట. ఎన్నాళ్లో ఎవరికీ తెలియదు. మీ బావ నిన్న బస్సెక్కి వెళ్లి ఆ జనంలో సాయంత్రం దాకా వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

నాకు భయంగా ఉంది. ఒంటరిగా మొయ్యలేకపోతున్నాను. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను, పాపమైతే నాది.

రక్తం కావలసింది మీ బావకు కాదు. రాజశ్రీకి.

సెప్టెంబరు ఒకటిన స్కానింగులో తేలింది. మాయ పైన ఉండవలసింది కిందికి, బిడ్డ దారికి అడ్డంగా ఉంది. మామూలు కాన్పు అయ్యే వీలు లేదు. ఇరవై తొమ్మిదిన ఆపరేషను పెట్టారు. ముందుగా రక్తస్రావం మొదలైతే ఏ రోజైనా చెయ్యవలసి రావచ్చు. గ్రూపు తల్లిది వచ్చింది. "నాన్నకి సెప్పినావంటే మీ ఇంటికి రాను. అమ్మ ఎలా పోనాదో నాన్నకి తెల్సు. ఆ గుండెకి మళ్లీ ఇది ఒద్దు" అని కాగితం మీద రాసి, నా చెయ్యి తన కడుపు మీద పెట్టి ఒట్టు వేయించుకుంది. నీతో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడి, పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకుంటుంది.

ఈ జాబితా ఎందుకు మొదలుపెట్టానని నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెవులు పోయాక రెండు మూడేళ్లు ఇంట్లో ఊరికే కూర్చున్నాను. అప్పుడు నాకు తరచుగా కళ్ల ముందుకొచ్చేది చిన్నతల్లి మొహం. ఆ రోజు ఆ ఊళ్లో ఆమె గ్రూపువాళ్లు ఒక్కరూ లేకపోయి ఉంటారా? ఉండే ఉంటారు. ఎక్కడున్నారో ఎవరికీ తెలియలేదు, అంతే. మాట వినపడని మనిషికైనా పేర్లు రాసుకోవడం వచ్చు కదా అనిపించింది.

నువ్వు హైరానా పడి బయలుదేరకు. మాత్రలు మానకు. ఆ డబ్బా ఎలాగైనా దొరికించుకుంటాను.

అప్ప

~

విశాఖపట్నం
24 అక్టోబరు 2004

అప్పా,

గురువారం సాయంత్రం హర్ష ఫోన్ చేశాడు. "పాప పుట్టింది మావయ్యా, ఆపరేషన్ అయింది, ఇద్దరూ బాగున్నారు" అన్నాడు. నెల ముందుగా ఎందుకు అని అడిగితే, డాక్టర్లు మంచిదన్నారని నసిగాడు. నేను నమ్మాను. వీధంతా మిఠాయి పంచాను. టైలరు దగ్గర కూర్చుని తాతనయ్యానని గొప్పలు చెప్పుకున్నాను.

పండగ సెలవులు అయ్యాక నిన్న మధ్యాహ్నం నీ పద్దెనిమిదో తేదీ ఉత్తరం వచ్చింది.

అంతా బాగుందని తెలిసి కూడా దాన్ని ఒక్క గుక్కలో చదవలేకపోయాను. షట్టరు దించేసి లోపల కూర్చున్నాను. అయిపోయిన భయం అది, అయినా నాకు కొత్తగానే వచ్చింది. మీరంతా యాభై రోజులు పంచుకుని పడ్డది నేను ఒక్కడినే ఒక్క పూటలో పడ్డాను.

అది నా కూతురు. నాకు గుండెజబ్బు ఉంది, నిజమే. అంతమాత్రాన నేను తండ్రిని కాకుండా పోయానా? దానికి ఏదైనా అయి ఉంటే నాకు ఎలా చెప్పేవారు? హర్ష ఫోన్ చేసి నసిగేవాడా? ఒకదాన్ని పోగొట్టుకునేటప్పుడు వరండాలోనైనా ఉన్నాను. ఈసారి ఆ వరండా కూడా నాకు లేకుండా చేశారు.

ఆ చిన్నపిల్ల ఒట్టు పెట్టించుకుంటే నువ్వు వేశావు. నువ్వు పెద్దదానివి. నిన్ను అది దాచమందంటే నమ్మగలను. నువ్వు దాచావంటేనే నమ్మలేకపోతున్నాను.

ఇప్పుడు ఎలా ఉన్నారో నిజం రాయి. అసలు ఏం జరిగిందో మొదటి నుంచి రాయి. ఫోన్‌లో ఎవరు చెప్పినా నాకు నమ్మకం పోయింది.

నాగేంద్ర

~

బిలాస్‌పూర్
30 అక్టోబరు 2004

తమ్ముడు నాగేంద్రకు,

నిజమే రాస్తున్నాను. ముందు ఇప్పటి సంగతి. రాజశ్రీ ఇరవై ఎనిమిదిన ఇంటికొచ్చింది. మొహం ఇంకా పాలిపోయే ఉంది, లేచి పది అడుగులు వేస్తే ఆయాసపడుతోంది. పిల్ల పుట్టినప్పుడు రెండు కిలోల రెండు వందలు. పాలు బాగా తాగుతోంది. ఏడుస్తోందో లేదో నాకు తెలియదు కనక దాన్ని నా కళ్లెదుటే పెట్టుకుంటున్నాను.

ఇక జరిగింది. పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం అప్పలనర్సమ్మ గారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. డబ్బా చీరకొంగులో మూటగట్టుకుని ఉన్నారు. "మనిషి ప్రాణమన్నాడమ్మా మీ తమ్ముడు, ఆ జనంలో కూడా ఒదల్నేదు" అన్నారట, బావ రాసి చూపించారు. తిడదామని కూర్చున్నదాన్ని ఆవిడ కాళ్లకు నీళ్లిచ్చాను.

ఇరవయ్యో తేదీ పొద్దున్న కార్డు గుచ్చాను. మొదటిసారి పని చెయ్యలేదు. ఎర్ర అంచు సరిగ్గానే ఉంది. పైకి తీసి మళ్లీ గట్టిగా నొక్కాను. తెర మీద నువ్వు చెప్పిన కొత్త వరుసలు వచ్చాయి, ఆ తర్వాత డిస్కు పేరు వచ్చింది. జాబితా తెరుచుకోగానే ఓ నెగటివ్‌లన్నీ కాగితం మీద తీశాను. పాతవాళ్లు కాక కొత్తవాళ్లు ఐదుగురు ఉన్నారు.

ఇరవై ఒకటి, గురువారం, నవమి. పొద్దున్న ఏడుగంటలకు రాజశ్రీ స్నానాలగది గోడ పట్టుకుని నిలబడి ఉంది. కింద నేలంతా ఎర్రగా ఉంది. అరిచిందో లేదో నాకు తెలియదు తమ్ముడూ. వంటింట్లో ఆమెకు వీపు పెట్టి దోసెలు వేస్తున్నాను. ఎంతసేపు పిలిచిందో ఇప్పటికీ అడగలేకపోతున్నాను.

పండక్కని వచ్చి ఉన్న హర్ష, మీ బావ దాన్ని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. నేను కాగితం పట్టుకుని వీధిలో పడ్డాను. పండగ రోజు, అందరూ పందిళ్ల దగ్గర ఉన్నారు. టిక్కెట్ల కుర్రాడు ఇంట్లోనే దొరికాడు, నా మొహం చూడగానే సైకిలు తీశాడు. టీ దుకాణం రామాధార్ పొయ్యి మీద నీళ్లు చల్లి వచ్చేశాడు. నర్సరీ బడి పంతులమ్మ అమ్మవారి పందిట్లో హారతిపళ్లెం పక్కవాళ్ల చేతికిచ్చి వచ్చింది. మిగతా ముగ్గురిలో ఇద్దరు ఊళ్లో లేరు. ఐదో పేరు అసిరమ్మ, పట్టాలు సరిచేసే గ్యాంగులో పనిచేస్తుంది. పండగైనా ఆమెకు డ్యూటీ. యార్డు దాటి లైను వెంట కిలోమీటరు నడిచాను. వెనక నుంచి బండి వస్తే వినపడదని ప్రతి పది అడుగులకూ వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచాను. మేస్త్రీ కాగితం చదివి ఆమెను పంపాడు. బురదకాళ్లతోనే వచ్చింది.

నలుగురి దగ్గరా తీసుకున్నారు. మూడు సీసాలు ఎక్కించాక రక్తం కారడం అదుపులోకి వచ్చిందని డాక్టరమ్మ రాసి చూపించింది. నాలుగోది మర్నాడు ఎక్కించారు. ఇంకో గంట ఆలస్యమైతే అని మొదలుపెట్టి ఆ వాక్యం పూర్తి చెయ్యకుండా కొట్టేసింది.

ఇప్పుడు నీ ఉత్తరానికి జవాబు. నువ్వు అన్నదాంట్లో ఒక్క మాట కూడా నేను కాదనను. ఆ రోజే నాకు ఒకరు ఈ మాట చెప్పారు. రక్తం ఇచ్చాక అసిరమ్మ వరండాలో నా పక్కన కూర్చుంది. నెమ్మదిగా, నా మొహంలోకి చూస్తూ మాట్లాడుతుంది, ఆమె పెదవులు నాకు బాగా అర్థమవుతాయి.

"ఎవురి గుంట?" అంది.

"నా తమ్ముడి కూతురు."

"తల్లేది?"

"లేదు. ఇలాగే పోయింది."

"మరి తండ్రేడి?"

విశాఖలో ఉన్నాడన్నాను. "కబురెట్టినారా?" అంది. పెట్టలేదు, అతనికి గుండెజబ్బు అన్నాను. నావైపు తిరిగి, "తప్పు సేసినావమ్మా" అంది. పెదవులు చదవడంలో పొరబడ్డానేమోనని మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పింది. నా చెయ్యి పట్టుకుని చెప్పింది. సాయంత్రం హర్ష చేత నీకు ఫోన్ చేయించాను. అప్పుడు కూడా మొత్తం చెప్పించే ధైర్యం రాలేదు.

తప్పు నాది, పిల్లది కాదు. దాన్ని ఏమీ అనకు.

పిల్లకు పేరు పెట్టలేదు. నువ్వు లేకుండా పెట్టం. రా తమ్ముడూ.

అప్ప

~

విశాఖపట్నం
4 నవంబరు 2004

అప్పా,

ఉత్తరం పొద్దున్న వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లి ప్రయాణానికి సరేననిపించుకుని, అక్కడి నుంచే స్టేషనుకెళ్లి టిక్కెట్టు తీసుకున్నాను. బుధవారం పొద్దున్న దిగుతాను. స్టేషనుకి బావను పంపు, నువ్వు పిల్లల దగ్గర ఉండు.

ఎంతసేపు పిలిచిందని రాజశ్రీని ఇందాక ఫోన్‌లో నేనే అడిగాను. "పిలవనేదు నాన్నా, అత్తకి వినపడదని తెల్సు కదా. గోడ మీద నీడ పడితే తిరిగి సూస్తాదని సెయ్యి ఊపినాను, ఎంటనే తిరిగింది" అంది. ఇక ఆ సంగతి మనసులోంచి తీసెయ్యి.

అసిరమ్మ గారి ఇల్లు ఎక్కడో, ఏ రోజు సెలవో కనుక్కుని ఉంచు. పిల్లని చూడగానే ముందు అక్కడికి వెళ్లాలి. ఎత్తుకుని వెళదాం.

నాగేంద్ర